నాలుగో రోజు ఎందుకు లేచి వచ్చేశాడు

మీరు రాసినదాంట్లో నాకు అర్థమైన సంగతి ఇది. మీది దేవరకొండ దగ్గర ఊరు. తమ్ముడికి 24 ఏళ్లు, హైదరాబాద్‌లో డెలివరీ పని చేస్తాడు. ఏడాదిగా టాపెంటడాల్ అనే నొప్పి మాత్రలు నలిపి, నీళ్లలో కలిపి, సిరంజితో నరానికి ఎక్కించుకుంటున్నాడు. మూడు వారాలుగా జ్వరం, దగ్గు. ఆసుపత్రిలో ఎకో అనే గుండె స్కానింగ్ తీసి గుండె వాల్వుకు ఇన్ఫెక్షన్ పట్టిందన్నారు. ఆరు వారాలు నరం ద్వారా యాంటీబయాటిక్ పడాలన్నారు. నాలుగో రోజు తెల్లవారుజామున క్యాన్యులా పీకేసుకుని బస్సెక్కి ఇంటికి వచ్చేశాడు. ఇప్పుడు మళ్లీ జ్వరం. గుండె డాక్టరు ముందు అలవాటు మానిపించుకుని రమ్మంటున్నారు. మానసిక వైద్యులు ముందు జ్వరం తగ్గాక రమ్మంటున్నారు. పక్కింటాయన పోలీసు కేసవుతుందని భయపెడుతున్నాడు. ‘వాడికే బతకాలని లేనప్పుడు మేమేమి చేయగలం’ అని చివర్లో రాశారు.

ఆ చివరి వాక్యం దగ్గరే మొదలుపెడతాను, ఎందుకంటే అది నిజం కాదు. ఉమ్మడి నల్గొండ, పాలమూరు జిల్లాల ఆసుపత్రుల్లో 22 ఏళ్లు నర్సుగా పనిచేశాను. డాక్టరును కాను కాబట్టి మోతాదులు చెప్పను. కానీ మందు మధ్యలో వదిలి వెళ్లిపోయిన ఇలాంటి పిల్లలను చాలామందిని చూశాను. వాళ్లు వెళ్లిపోయేది దాదాపు ఎప్పుడూ రెండో రాత్రి దాటాక, నాలుగో రోజు గడవకముందు. బతకాలని లేనివాడు అంత లెక్కగా వెళ్లడు. అది విత్‌డ్రాయల్ లెక్క. అలవాటైన మందు ఆగిన పన్నెండు గంటల నుంచి ఒక రోజులోపు బాధ మొదలవుతుంది. రెండు మూడు రోజులకు పతాక స్థాయికి చేరుతుంది. మీ తమ్ముడు ఆ మూడు రాత్రులూ ఎలా గడిపాడో మీరు అడిగి ఉండరు, వాడూ చెప్పి ఉండడు.

నేను చూసిన ఒక రాత్రి చెబుతాను. ఊరు, పేరు వద్దు. మగవాళ్ల మెడికల్ వార్డు, కిటికీ పక్క మంచం. మే నెల, ఫ్యాను గాలి కూడా వేడిగా ఉంది. ఆ అబ్బాయి రెండు దుప్పట్లు కప్పుకుని వణుకుతున్నాడు. చేతి మీద రోమాలు నిక్కబొడుచుకుని ఉన్నాయి, ఈకలు పీకిన కోడి చర్మంలాగా. ముక్కు కారుతోంది, కళ్లు కారుతున్నాయి, నిమిషానికోసారి ఆవలింత. కాళ్లు ఒక్క చోట ఆగవు, మంచం ఇనుప చట్రానికి తగిలి చప్పుడవుతోంది. ఏడుసార్లు విరేచనానికి వెళ్లాడు, ప్రతిసారీ సెలైన్ స్టాండు తోసుకుంటూ. పక్క మంచం ముసలాయన నిద్ర పాడవుతోందని తిట్టాడు. డ్యూటీలో ఉన్న మా నర్సు కేస్ షీటులో ‘చలి జ్వరం, విరేచనాలు’ అని రాసి పారాసెటమాల్ ఇచ్చింది. తప్పు ఆమెది కాదు. ఆ అబ్బాయి సూదితో ఏమి తీసుకుంటాడో షీటులో ఎక్కడా లేదు. తండ్రికి తెలుసు, పరువు పోతుందని చెప్పలేదు. తెల్లారేసరికి మంచం ఖాళీ. తండ్రి లామా కాగితం మీద వేలిముద్ర వేసి సంచి తీసుకుని వెళ్లాడు. లామా అంటే వైద్యుల సలహాకు విరుద్ధంగా వెళ్తున్నామని రాసిచ్చే కాగితం. పన్నెండు రోజుల తరువాత అదే అబ్బాయిని 108లో తెచ్చారు. ఈసారి మూత్రపిండాలు కూడా దెబ్బతిన్నాయి.

ఇన్ఫెక్షన్ చంపుతుందని అందరికీ తెలుసు. ఆ ఇన్ఫెక్షన్‌కు మందు పడనివ్వకుండా చేసేది విత్‌డ్రాయల్ అని మాత్రం ఎవరూ రాయరు. అందుకే ‘ముందు ఇది, తరువాత అది’ అన్న ఇద్దరు డాక్టర్ల మాటనూ మీరు పక్కన పెట్టండి. రెండూ ఒకే మంచం మీద, ఒకే రోజున మొదలు కావాలి. అమెరికన్ హార్ట్ అసోసియేషన్ 2022లో ఈ రోగుల గురించే ప్రత్యేకంగా ఒక ప్రకటన వెలువరించింది. గుండె, ఇన్ఫెక్షన్, శస్త్రచికిత్స వైద్యులతో పాటు వ్యసన చికిత్స తెలిసినవాళ్లు కూడా ఒకే జట్టుగా చూడాలని అందులో ఉంది. మన దగ్గర ఆ జట్టు ఒక గదిలో కూర్చుని మీ కోసం ఎదురుచూడదు. మనుషులు ఉంటారు, తలో భవనంలో ఉంటారు. వాళ్లను కలిపే దారం మీరే కావాలి. అది ఎలాగో తరువాత చెబుతాను. ముందు ఈ రోజు సంగతి.

ఈ రోజే తీసుకెళ్లండి, సోమవారం ఓపీ కోసం ఆగకండి. వాల్వు మీద పెరిగిన ఇన్ఫెక్షన్ మూడు రోజుల మందుతో అణిగినట్టు కనిపించి మళ్లీ లేస్తుంది. ఊళ్లో ఆర్‌ఎంపీ దగ్గర రెండు సెఫ్ట్రియాక్సోన్ ఇంజెక్షన్లు, ఒక సెలైన్ పెట్టించడం మాత్రం వద్దు. ఒకటి, అది చాలదు. రెండు, ఆసుపత్రిలో మళ్లీ రక్తం తీసి కల్చర్ (క్రిమిని పెంచి గుర్తించే పరీక్ష) పెడితే ఆ రెండు ఇంజెక్షన్ల వల్ల క్రిమి దొరక్కపోవచ్చు. క్రిమి పేరు తెలియకుండా ఆరు వారాల మందు రాయడమంటే చీకట్లో రాయి విసరడమే. ఊపిరి ఆడకపోవడం, మాట తడబడడం, ఒక చేయి లేదా కాలు బలహీనపడడం, వేళ్ల చివర్లు నల్లబడడం, మగతగా ఉండడం వంటివి ఏ ఒక్కటి కనిపించినా మీ బండి మీద కాదు, 108లో వెళ్లండి. గజ్జల్లో వాపు ఉండి అది నాడిలాగా కొట్టుకుంటుంటే ఎవరినీ కోయనివ్వకండి. గజ్జల్లో సూది గుచ్చుకునేవాళ్లకు అది చీముగడ్డ కాకుండా ధమని ఉబ్బు కావచ్చు. డాప్లర్ స్కానింగ్ చూడకుండా కత్తి పెడితే రక్తం ఆగదు. ఊళ్లో ఆర్‌ఎంపీ కోసిన అలాంటి ఒక గడ్డను నేను రెండు చేతులతో నొక్కి పట్టుకుని ఆపరేషన్ థియేటర్ దాకా స్ట్రెచర్ వెంట పరుగెత్తాను.

క్యాజువాలిటీలో మొదటి మాటే ముఖ్యం. అక్కడ డాక్టరుకు మీ కోసం ఉండేది రెండు నిమిషాలు. ఇలా చెప్పండి: ‘మా తమ్ముడికి గుండె వాల్వు ఇన్ఫెక్షన్ అని ఎకోలో తేలింది. మూడు రోజులు మందు పడింది, ఫలానా తేదీన ఆగింది. టాపెంటడాల్ మాత్రలు సూదితో ఎక్కించుకుంటాడు. చివరిసారి తీసుకున్నది ఫలానా గంటకు. పోయినసారి విత్‌డ్రాయల్ తట్టుకోలేకనే వచ్చేశాడు, దయచేసి దానికి కూడా మొదటి రోజే మందు రాయించండి.’ కాగితం మీద రాసుకుని వెళ్లినా తప్పు లేదు. చివరిసారి ఎప్పుడన్నది నిజంగా చెప్పాలి. బుప్రెనార్ఫిన్ అనే మాత్రను నాలుక కింద పెడతారు, అదే ఈ బాధకు మంచి మందుల్లో ఒకటి. కానీ ఒంట్లో పాత మత్తు ఇంకా ఉండగానే దాన్ని పెడితే బాధ తగ్గకపోగా ఒక్కసారిగా విరుచుకుపడుతుంది. విత్‌డ్రాయల్ లక్షణాలు స్పష్టంగా మొదలయ్యాకే పెడతారు. ఆ గంటల లెక్క మీ తమ్ముడి నోటి నుంచే రావాలి, కాబట్టి అడిగేటప్పుడు కోపం వద్దు.

బుప్రెనార్ఫిన్ మామూలు మెడికల్ షాపులో కొనుక్కునేది కాదు. గుర్తింపు ఉన్న డీ-అడిక్షన్ కేంద్రాల ద్వారానో, నాకో (జాతీయ ఎయిడ్స్ నియంత్రణ సంస్థ) నడిపే ఓఎస్‌టీ కేంద్రాల ద్వారానో ఇస్తారు. ఓఎస్‌టీ అంటే సూది మత్తుకు బదులుగా మందు ఇచ్చే చికిత్స. అన్ని ఆసుపత్రుల్లోనూ ఉండదు. బయలుదేరే ముందే 14446కు ఫోను చేయండి, అది మత్తు మందుల విముక్తికి జాతీయ హెల్ప్‌లైను. దగ్గర్లో ఏ కేంద్రంలో ఆ మందు ఉందో అడగండి. 1097 నాకో వారిది, 14416 మానసిక ఆరోగ్య హెల్ప్‌లైను టెలీ మానస్ వారిది. మూడూ ఉచితం. ఎక్కడా దొరక్కపోతే కూడా చేతులు ముడుచుకోనక్కరలేదు. వణుకు, విరేచనాలు, ఒళ్లు నొప్పులు, నిద్రలేమి ఒక్కొక్కదానికీ వార్డులోనే మందులున్నాయి. అవి రాయించుకోవాలంటే ఇది విత్‌డ్రాయల్ అని డాక్టరుకు తెలియాలి, అంతే.

ఇక్కడ ఒక పక్క మాట. సూదితో తీసుకునేదంతా ఒకటే జాతి కాదు. జిమ్‌లకు వెళ్లే కుర్రాళ్లు మెఫెంటెర్మిన్ ఇంజెక్షన్లు తీసుకుంటున్నారు. అది ఆపరేషన్ థియేటర్లో రక్తపోటు పెంచడానికి వాడే మందు. అది ఆపితే విపరీతమైన నిద్ర, ఆకలి, దిగులు వస్తాయి. బుప్రెనార్ఫిన్ దానికి పనికిరాదు. పెంటజోసిన్ అనే నొప్పి మందును ఏళ్ల తరబడి గుచ్చుకున్నవాళ్ల తొడలు, భుజాలు చెక్కలాగా గట్టిపడి మానని పుండ్లవుతాయి. కాబట్టి ఖాళీ వయల్ గానీ మాత్రల అట్ట గానీ దొరికితే పారేయకుండా డాక్టరుకు చూపించండి. సిగ్గుపడి పారేసిన అట్ట వల్ల రెండు రోజులు వృథా అయిన సందర్భాలు నాకు తెలుసు.

మన జిల్లాలకే ప్రత్యేకమైన ఇంకో చిక్కు కల్లు. మహబూబ్‌నగర్, నల్గొండ వైపు కల్తీ కల్లులో అల్‌ప్రజోలం, డయాజిపామ్, క్లోరల్ హైడ్రేట్ లాంటి నిద్రమత్తు మందులు కలుపుతారన్నది కొత్త సంగతి కాదు. మీ తమ్ముడు ఊరికి వచ్చినప్పుడల్లా సాయంత్రం కల్లు కాంపౌండుకు వెళ్తాడా? వెళ్తే చెప్పండి. ఆ కల్లు హఠాత్తుగా ఆగితే రెండు మూడు రోజుల్లో ఫిట్సు రావచ్చు, లేనివి కనిపించవచ్చు, మంచం దిగి గోడలు తడమవచ్చు. వాల్వు ఇన్ఫెక్షన్ ఉన్నవాడికి ఫిట్సు వస్తే డాక్టర్లు మొదట అనుమానించేది గుండె నుంచి ఇన్ఫెక్షన్ ముక్క మెదడుకు వెళ్లిందని. అలా అనుమానించడం సరైనదే, సీటీ తీయాల్సిందే. కానీ కల్లు సంగతి తెలిస్తే దానికి వేరే మందు ముందుగానే మొదలుపెడతారు, ఫిట్సే రాకపోవచ్చు. ‘కల్లు కూడా ఒక తాగుడేనా’ అని మీ ఇంట్లో పెద్దవాళ్లు అంటారు. అననివ్వండి, మీరు మాత్రం రాయించండి.

ఇప్పుడు ఈ ఇన్ఫెక్షన్ ఎలా వచ్చిందో కొంచెం. చర్మం మీద స్టెఫైలోకాకస్ ఆరియస్ అనే క్రిమి మామూలుగానే కాపురం ఉంటుంది. సూది దాన్ని నేరుగా సిరలోకి తోస్తుంది. సిర రక్తం ముందు చేరేది గుండె కుడి వైపుకు, అందుకే వీళ్లలో ఎక్కువగా కుడి వైపు వాల్వు దెబ్బతింటుంది. మాత్రలు నోట్లో వేసుకోవడానికి చేసినవి. వాటిలో గట్టిపడేందుకు కలిపే పొడులు నీళ్లలో పూర్తిగా కరగవు, ఆ రేణువులు రక్తంలోకి వెళ్లి సిరలను, ఊపిరితిత్తుల్లోని సన్నని నాళాలను పాడుచేస్తాయి. వాల్వు మీద పేరుకున్న ఇన్ఫెక్షన్ ముక్కలు తెగి ఊపిరితిత్తుల్లోకి పోతాయి. ఎక్స్‌రేలో మచ్చలు, గుంతలు కనిపిస్తాయి. దగ్గు, జ్వరం, బరువు తగ్గడం, ఎక్స్‌రేలో గుంత అనగానే మన దగ్గర ఎవరికైనా మొదట తట్టేది టీబీ. కళ్లె పరీక్ష చేయించాలి, తప్పదు. కానీ సూది అలవాటు సంగతి దాచి టీబీ మాత్రలు మొదలుపెట్టించుకుని నెల రోజులు పోగొట్టుకున్నవాళ్లున్నారు.

నడుము నొప్పి కూడా అంతే. నల్గొండ జిల్లాలో, ముఖ్యంగా మర్రిగూడ, మునుగోడు వైపు, నడుము పట్టేసిందంటే ఫ్లోరైడ్ అనే మాట ముందే నోటికొస్తుంది. పాతికేళ్ల కుర్రాడికి జ్వరంతో పాటు రాత్రి నిద్రపట్టనివ్వని నడుము నొప్పి ఉంటే అది ఫ్లోరైడ్ కాదు. వెన్నుపూసకు చీము పట్టి ఉండవచ్చు, ఎంఆర్ఐ కావాలి. కాళ్లు మొద్దుబారినా, మూత్రం ఆగిపోయినా గంటల్లో చూడాల్సిన విషయం. మీ తమ్ముడిని ఈ ఒక్క ప్రశ్న ఇవాళే అడగండి.

దారం సంగతి చెబుతానన్నాను. అచ్చంపేట వైపు నుంచి వచ్చిన ఒక తల్లి దగ్గర నేను నేర్చుకున్నాను అది. ఆమెకు చదువు రాదు. కూతురి పాత లెక్కల నోటు పుస్తకం తెచ్చింది. డాక్టరు వచ్చిన ప్రతిసారీ ఆ పుస్తకం చాచి, ‘సారూ, ఈ పూట ఏమనుకున్నారో ఒక్క ముక్క రాయండి’ అనేది. సర్జన్ వచ్చి రాశారు, మానసిక వైద్యులు వచ్చి సర్జన్ రాసింది చదివి రాశారు, హైదరాబాద్ నుంచి ఫోనులో గుండె డాక్టరు చెప్పింది నేను రాశాను. మూడో వారానికి ఆ పుస్తకం కేస్ షీటు కన్నా పనికొచ్చింది, ఎందుకంటే కేస్ షీటు ఆసుపత్రి మారినప్పుడు వెంట రాదు, పుస్తకం వచ్చింది. ఆమె కొడుకు 41 రోజులు వార్డులో ఉన్నాడు. మధ్యలో ఒకసారి బాత్రూములో సూది గుచ్చుకున్నాడు కూడా. పంపించేయాలని కొందరు గట్టిగా పట్టుబట్టారు. ఆ తల్లి ఏడవలేదు, బతిమాలలేదు. పుస్తకంలో ఆ పేజీ తీసి, ‘రెండు రోజుల కిందట నాలుక కింద మాత్ర తగ్గించారు సారూ, అందుకే కావచ్చు’ అంది. పేజీ చూశాక ఎవరూ మాట్లాడలేదు. మోతాదు సరిచేశారు. ఆ తరువాత అతను మళ్లీ గుచ్చుకోలేదు.

మీరూ ఒక పుస్తకం పెట్టండి. అందులో నాలుగు సంగతులు ఎప్పుడూ తాజాగా ఉండాలి: ఏ క్రిమి, ఏ మందు ఎన్నో రోజు, విత్‌డ్రాయల్‌కు ఏమి ఇస్తున్నారు, తరువాతి పరీక్ష ఎప్పుడు. ఇంట్లో ఒకే మనిషి దాన్ని చూసుకోవాలి. ఉదయం మీరు, సాయంత్రం బావగారు, రాత్రి మేనమామ అన్నట్టు మారితే ముగ్గురికీ సగం సగం తెలుస్తుంది. వార్డులో తోడుగా ఉండేవాళ్లు మారవచ్చు, పుస్తకం పట్టేవాళ్లు మారకూడదు.

ఒక మందు ఇంకో మందును చెడగొట్టడం కూడా ఇక్కడ తరచూ జరుగుతుంది, అందుకే మందులన్నీ ఒకే చోట రాసి ఉండాలంటున్నాను. రిఫాంపిసిన్ అనే మందును టీబీలోనూ, కొన్ని ఎముకల ఇన్ఫెక్షన్లలోనూ వాడతారు. అది ఒంట్లో బుప్రెనార్ఫిన్, అలాగే వాడే మెథడోన్ ప్రభావాన్ని తగ్గించేస్తుంది. నిన్నటి దాకా నెమ్మదిగా ఉన్నవాడు వారం తిరిగేసరికి మళ్లీ వణుకుతూ ఆవలిస్తుంటాడు, అందరూ ‘నాటకం’ అంటారు. లైనెజోలిడ్ అనే యాంటీబయాటిక్ ఇస్తున్నప్పుడు టాపెంటడాల్, ట్రమడాల్ లాంటివి ఒంట్లో పడితే ఒళ్లు కాలిపోవడం, బిగుసుకుపోవడం, అయోమయం రావచ్చు, ప్రమాదం. బయటి నుంచి స్నేహితుడు తెచ్చిచ్చిన మాత్ర ఇక్కడే కొంప ముంచుతుంది. ఆ సంగతి మీ తమ్ముడికి బెదిరింపులాగా కాకుండా ముందుగానే చెప్పండి. ఒకవేళ తీసుకుంటే నర్సుకు చెప్పమనండి. చెబితే పంపించేస్తారన్న భయం ఉంటే చెప్పడు, కాబట్టి డాక్టరుతో ఆ మాట ముందే తేల్చుకోండి.

ఎక్కడికి తీసుకెళ్లాలని అడిగారు. ఇరవై ఏళ్ల కిందట అయితే నేరుగా హైదరాబాద్ అనేదాన్ని. మహబూబ్‌నగర్‌లో 2016లో, నల్గొండ, సూర్యాపేటల్లో 2019లో, నాగర్‌కర్నూల్, వనపర్తిలలో 2022లో ప్రభుత్వ మెడికల్ కాలేజీలు వచ్చాయి. నల్గొండ పెద్దాసుపత్రి మీకు దగ్గర. మెడిసిన్, సర్జరీ, సైకియాట్రీ విభాగాలు కాలేజీ ఆసుపత్రిలో ఒకే గొడుగు కింద ఉండడమే దాని పెద్ద లాభం. వాల్వు ఆపరేషన్ అవసరమవుతుందంటే హైదరాబాద్ తప్పదు. అప్పుడు ఆరోగ్యశ్రీ గురించి ఆసుపత్రిలో ఆరోగ్యమిత్రను అడగండి, రేషన్ కార్డు, ఆధార్ దగ్గర పెట్టుకోండి. ఆ పథకం పరిమితిని 2023 డిసెంబరులో 10 లక్షలకు పెంచారు. రెఫర్ చేసినప్పుడు చీటీ ఒక్కటీ పట్టుకుని బస్సెక్కకండి. ఎకో సీడీ, కల్చర్ కాగితం, ఇప్పటిదాకా పడిన యాంటీబయాటిక్ రోజుల లెక్క, విత్‌డ్రాయల్ మందు మోతాదు, ఇవన్నీ రాయించుకున్నాకే కదలండి. అక్కడి డాక్టరు పేరు, ఫోను ఇక్కడి డాక్టరు చేతే అడిగించండి. రెండు ఆసుపత్రుల మధ్య దూరం వంద కిలోమీటర్లే, కానీ అందులో చాలామంది రోగులు మాయమైపోతారు.

పోలీసు కేసు గురించి. చికిత్స కోసం ఆసుపత్రికి వెళ్లి అలవాటు సంగతి చెబితే అది డాక్టరుకు, రోగికి మధ్య విషయం. 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టంలో మత్తు అలవాటు వల్ల వచ్చే సమస్యలు కూడా చేరి ఉన్నాయి, గోప్యత హక్కు అందులో రాసి ఉంది. మత్తు మందుల నియంత్రణకు ఉన్న ఎన్‌డీపీఎస్ చట్టం కింద మత్తు మందు వాడకం నేరమే, కాదనను. కానీ అదే చట్టంలో 64ఏ అనే సెక్షను ఉంది. వాడకం లేదా చిన్న పరిమాణం కేసు ఉన్న వ్యసనపరుడు తనంతట తాను ప్రభుత్వ లేదా గుర్తింపు ఉన్న కేంద్రంలో చికిత్సకు వెళ్లి పూర్తిగా తీసుకుంటే ప్రాసిక్యూషన్ నుంచి రక్షణ ఇస్తుంది. మీ తమ్ముడి మీద అసలు కేసే లేదు. పక్కింటాయన మాట విని రోజులు పోగొట్టుకోకండి. అమ్మకం కేసులు వేరే కథ, వాటికి వకీలును అడగాలి.

వార్డులో ఉన్నప్పుడే హెచ్ఐవీ, హెపటైటిస్ బి, సి పరీక్షలు చేయించండి. హెచ్ఐవీ పరీక్ష ఐసీటీసీలో (సలహా ఇచ్చి పరీక్ష చేసే ప్రభుత్వ కేంద్రం) ఉచితం, మీ తమ్ముడి అనుమతితోనే చేస్తారు, ఫలితం అతనికే చెబుతారు. మీరు అన్న కాబట్టి తెలుసుకునే హక్కు మీకుందనుకోకండి. ఇప్పుడు నెగెటివ్ వచ్చినా మూడు నెలలకు మళ్లీ చేయించాలి. హెపటైటిస్ సి ఉంటే కుంగిపోనక్కరలేదు. 2018 జులై 28న మొదలైన జాతీయ కార్యక్రమం కింద మందులు ఉచితం. మామూలుగా 12 వారాలు మాత్రలు వేసుకుంటే నూటికి 95 మందికి పైగా పూర్తిగా నయమవుతుంది. హెపటైటిస్ బి లేకపోతే టీకా వేయించండి.

ఆరు వారాలూ మంచం మీదే ఉండాలా అన్నది మీ తమ్ముడు తప్పకుండా అడిగే ప్రశ్న. అందరికీ ఒకే లెక్క కాదు. కుడి వైపు వాల్వుకు, మందుకు లొంగే క్రిమితో, వేరే చిక్కులు లేకుండా వస్తే రెండు వారాల్లో ముగించిన సందర్భాలూ ఉన్నాయి. డెన్మార్క్‌లో 400 మంది ఎడమ వైపు వాల్వు రోగుల మీద ఒక పరిశోధన జరిగింది, ఫలితాలు 2018లో వచ్చాయి. కనీసం పది రోజులు నరం ద్వారా మందు పడి, నిలకడకు వచ్చినవాళ్లకు మిగతా మందు మాత్రల రూపంలో ఇచ్చినా ఫలితం తగ్గలేదు. వాళ్లలో సూది అలవాటు ఉన్నవాళ్లు చాలా కొద్దిమంది, కాబట్టి దాన్ని మీ తమ్ముడికి ఉన్నదున్నట్టు వర్తింపజేయలేం. కానీ ‘నిలకడ వచ్చాక మాత్రలకు మారే అవకాశం ఉందా’ అని డాక్టరును మర్యాదగా అడగడంలో తప్పు లేదు. మనిషికి ముందుగా ముగింపు కనిపించాలి. ఆరు వారాలు అంటే వాడికి గోడ కనిపిస్తోంది. పద్నాలుగో రోజు ఎకో, అప్పుడు మళ్లీ మాట్లాడుకుందాం అంటే గడప కనిపిస్తుంది.

అయినా మళ్లీ లేచి వెళ్లిపోతానంటే? అప్పుడు మంచానికి కట్టేయకండి, గొడవ పడకండి. డాక్టరును పిలిచి ఒక్కటే అడగండి: ‘వెళ్తాడు సరే, వెళ్లేవాడికి ఇవ్వగలిగిన అతి మంచి మాత్రలు ఏవి, మళ్లీ ఏ రోజు రావాలి?’ ఉత్త చేతులతో పంపడం కన్నా ఆ మాత్రలు ఎంతో నయం. లామా కాగితం మీద సంతకం పెట్టినంత మాత్రాన తలుపు మూసుకుపోదు, రేపు ఉదయమే తిరిగి వచ్చినా చేర్చుకోవాలి. ఆ మాట మీ తమ్ముడికి వినపడేలా డాక్టరు చేతనే చెప్పించండి.

ఇంటికొచ్చాక మొదటి రెండు వారాలు నాకు అన్నిటికన్నా భయం. వార్డులో ఉండి ఒంట్లో అలవాటు తగ్గిపోయి ఉంటుంది. పాత స్నేహితుడు కలిసి, పాత మోతాదే ఎక్కించుకుంటే ఊపిరి ఆగిపోతుంది. పెదవులు నీలంగా మారి, గురకలాగా ఊపిరి లాగుతూ, పిలిస్తే పలకకపోతే 108కు ఫోను చేయండి. ఊపిరి ఆడుతుంటే పక్కకు తిప్పి పడుకోబెట్టండి, ఆగిపోతే నోటితో ఊపిరి ఊదండి. నాలాక్సోన్ అనే విరుగుడు ఇంజెక్షన్ ఉంది, ఆసుపత్రిలో అడగండి. బుప్రెనార్ఫిన్ కొనసాగుతుంటే ఈ ప్రమాదం బాగా తగ్గుతుంది. అందుకే ‘ఒక మత్తు మాన్పించి ఇంకో మత్తు అంటగట్టారు’ అని ఎవరైనా అంటే నాకు కోపం వస్తుంది. షుగరు ఉన్నవాళ్లను ఇన్సులిన్ ఎప్పుడు మానేస్తావని ఎవరూ నిలదీయరు.

ఇంకొకటి, రాయడానికి కొంచెం ఇబ్బందిగానే ఉంది, అయినా రాస్తున్నాను. అతను పూర్తిగా మానలేకపోతే కనీసం ప్రతిసారీ కొత్త సిరంజి, కొత్త సూది వాడాలి. ఒకరి నీళ్లు, దూది ఇంకొకరు వాడకూడదు. చర్మాన్ని స్పిరిట్‌తో తుడవాలి, సూదిని నాలుకతో తడపకూడదు. ఇది ప్రోత్సహించడం కాదు. 2017 నాటి హెచ్ఐవీ చట్టమే ప్రమాదం తగ్గించే ఇలాంటి సేవలకు రక్షణ ఇచ్చింది. రెండోసారి వాల్వు ఇన్ఫెక్షన్‌తో వచ్చినవాళ్లను చూశాక నాకు మొహమాటం పోయింది.

చివరిగా మీరు ఇవాళ చేయాల్సిన ఒక చిన్న పని. మొదటి ఆసుపత్రిలో చేరిన రోజున రక్తం తీసి కల్చర్‌కు పంపారని మీరు రాశారు. ఆ రిపోర్టు రావడానికి రెండు నుంచి ఐదు రోజులు పడుతుంది. మీ తమ్ముడు నాలుగో రోజే వచ్చేశాడు. అంటే ఆ కాగితం వచ్చి ఉంటుంది, ఎవరూ తీసుకోలేదు కాబట్టి ల్యాబ్ ట్రేలో అలాగే పడి ఉంటుంది. దాంట్లో క్రిమి పేరు, దానికి ఏ మందు పనిచేస్తుందో ఉంటుంది. చేరినప్పుడు ఇచ్చిన కాగితాల మీద ఐపీ నంబరు (చేరిన రోగికి ఇచ్చే నంబరు) ఉంటుంది, చూడండి. హైదరాబాద్‌లో మీ వాళ్లెవరైనా ఉంటే ఆ నంబరు, తమ్ముడి ఆధార్ కాపీ ఫోనులో పంపి మైక్రోబయాలజీ ల్యాబుకు వెళ్లమనండి. ఫొటో తీసి పంపిస్తే చాలు. ఈలోగా మీరు తమ్ముడితో నల్గొండ బయలుదేరండి.